మీ ఊళ్లో లీనాక్ ఉందా?

మా మేనకోడలికి సంబంధాలు చూస్తున్నాం. పూర్వం పిల్లనిచ్చే ముందు ఆ ఊళ్లో మంచినీళ్ల బావి ఉందా అని వాకబు చేసేవాళ్లు. మేం "మీ ఊళ్లో లీనాక్ ఉందా?" అని అడుగుతున్నాం. అదేదో కొత్త రకం సూపర్ మార్కెట్ అనుకుని, వచ్చే దసరాకి పెడుతున్నారండీ అని ఒకాయన హామీ కూడా ఇచ్చాడు.

అమ్మాయి రేడియేషన్ ఆంకాలజిస్టు. జనం మాటలో చెప్పాలంటే క్యాన్సర్‌కి 'కరెంటు పెట్టే' డాక్టరు. ఆ కరెంటు పెట్టే మిషనే లీనాక్. ఇది విని మా వీధివాళ్లు ఆమెకి విద్యుత్ శాఖలో ఉద్యోగం వచ్చిందనుకున్నారు. (వచ్చి ఉంటే నాకీ వ్యాసం రాసే పనే ఉండేది కాదు.) బంధువులేమో రేడియాలజీ అనుకుని స్కానింగ్‌కి డిస్కౌంట్ అడుగుతారు. వినడానికి రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ, పీజీ సీట్ల కౌన్సెలింగ్‌లో అక్క రేడియాలజీని పీటల మీద కూర్చోకముందే ఎగరేసుకుపోతారు. చెల్లెలు చివరి రౌండ్ దాకా గుమ్మంలో నిలబడే ఉంటుంది.

రోగులు లేకనా అంటే, అదీ కాదు. హైదరాబాద్‌లో 1955 నుంచి ఉన్న ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి పొరుగు రాష్ట్రాల నుంచి కూడా జనం వస్తారు. 10 లక్షల జనాభాకి కనీసం ఒక రేడియేషన్ మిషన్ ఉండాలని లెక్క. మన దేశం ఆ లెక్కకి ఇంకా చాలా దూరంలో ఉంది. అంటే రోగులున్నారు, డాక్టర్లున్నారు, మధ్యలో ఉండాల్సిన మిషన్ లేదు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు వచ్చేశాక తాళిబొట్టు ఆర్డరు పెట్టినట్టుంది వ్యవహారం.

చర్మం డాక్టరుకి ఒక గది, ఒక బోర్డు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు చాలు. మా అమ్మాయి బోర్డు కట్టుకోవాలంటే కోట్ల రూపాయల లీనియర్ యాక్సిలరేటర్, అదే లీనాక్, కావాలి. దాన్ని పెట్టడానికి మీటరు పైచిలుకు మందం కాంక్రీటు గోడల బంకరు కావాలి. రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే ఒక మెడికల్ ఫిజిసిస్టు కావాలి. ఆపైన అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు కావాలి. అందుకే ఒక సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను: వరుడి తరఫువాళ్లే కట్నంగా లీనాక్ ఇవ్వాలి. కట్నం నేరమే, ఒప్పుకుంటాను. అయితే 1961లో ఆ చట్టం రాసినవాళ్ల దృష్టిలో ఈ వస్తువు ఉండి ఉండదు.

మా అమ్మాయి ఒక కార్పొరేట్ ఆస్పత్రి ఇంటర్వ్యూకి వెళ్లింది. చదువు గురించి రెండు నిమిషాలు మాట్లాడి, "నెలకి ఎన్ని కేసులు తెస్తారు?" అని అడిగారట. క్యాన్సర్ వచ్చినవాడు ముందు సర్జన్ దగ్గరికో, కీమో డాక్టరు దగ్గరికో వెళ్తాడు. వాళ్లు పంపితేనే ఈమె దగ్గరికి వస్తాడు. "నేనేమన్నా చిట్‌ఫండ్ ఏజెంటునా మావయ్యా?" అంది. ఏజెంటుకి కమీషనైనా ఉంటుంది కదమ్మా అన్నాను. ఆ రోజు నాకు కాఫీ ఇవ్వలేదు.

సైన్సు కూడా పగబట్టింది. రొమ్ము క్యాన్సర్‌కి ఒకప్పుడు 5 వారాల్లో 25 సార్లు రేడియేషన్ ఇచ్చేవాళ్లు. తర్వాత 15 చాలన్నారు. చాలామందికి ఒక్క వారంలో మొత్తం 5 సార్లు ఇచ్చినా సరిపోతుందని బ్రిటన్ డాక్టర్లు 2020లో తేల్చారు. రోగికి పండగ. మేనేజ్‌మెంటుకీ పండగే, అదే మిషన్ మీద, అదే డాక్టరుతో, ఎక్కువమందికి పని అయిపోతుంది. రెండో డాక్టరు పోస్టు సంగతి అడక్కండి.

పోనీ అమెరికా వెళ్దామంటే, అక్కడ సాధారణంగా రెసిడెన్సీ, అంటే పీజీ శిక్షణ, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. పైగా ఎన్ని సార్లు రేడియేషన్ ఇస్తే అంత బిల్లు అనే పద్ధతికి అలవాటుపడ్డ దేశం అది. 25 కాస్తా 5 అయ్యేసరికి అక్కడివాళ్లే గుండె పట్టుకున్నారు. ఉద్యోగాలు దొరకవన్న భయంతో విద్యార్థులు ముఖం చాటేస్తే 2019లో ఈ కోర్సు సీట్లు మిగిలిపోయాయి. ఆ మరుసటి ఏడే, ఆస్పత్రుల్లో రేడియేషన్ ఇచ్చేటప్పుడు డాక్టరు దగ్గరుండాల్సిన పనిలేదని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నిబంధన సడలించింది.

చివరికి ఒక జిల్లా కేంద్రం నుంచి ఆఫర్ వచ్చింది. జీతం బాగుంది, క్వార్టర్స్ ఉంది, మిషన్ "త్వరలో". నేనే వెళ్లి చూసొచ్చాను. బంకరు కోసం తవ్విన గొయ్యి ఉంది. మొన్నటి వానలకి నిండా నీళ్లు. ఇద్దరు పిల్లలు గాలం వేసుకుని కూర్చున్నారు. మేనేజరు గారు మాత్రం చాలా మర్యాదస్థుడు, ఆ గట్టు మీదే నిలబడి, డాక్టరుగారు ఎప్పుడు జాయినవుతారండీ అని అడిగాడు.