ఒడ్డుకు కొట్టుకొచ్చిన రేడియోను ముందే కడిగేయకండి

సముద్రంలో తేలుతూనో, ఒడ్డున ఇసుకలో కూరుకుపోయో ఎప్పుడైనా పాత లైఫ్‌బోట్ రేడియో దొరికితే, ఉప్పు కడిగి, తుప్పు గీకి, కొత్త రంగు వేసి అల్మారాలో పెట్టుకోవాలనిపిస్తుంది. ఆ ముచ్చట అర్థమవుతుంది కానీ ఆ తొందరలో చెరిగిపోయేదే అందులో అసలు విలువైనది.

‘గిబ్సన్ గర్ల్’ అని పేరుపడ్డ ఎస్‌సీఆర్-578 అనే అత్యవసర రేడియోనే తీసుకోండి. జర్మన్ల సెట్‌ను చూసి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా తయారు చేసుకున్న పసుపు పెట్టె ఇది. సముద్రంలో కూలిన విమానాల సిబ్బంది కోసం చేశారు. నడుము దగ్గర సన్నగా ఉండటం అందం కోసం కాదు. ఊగిపోతున్న రబ్బరు పడవలో దాన్ని తొడల మధ్య బిగించుకుని హ్యాండిల్ తిప్పాలి. బ్యాటరీ లేదు, తిప్పితేనే కరెంటు. చుక్కలు, గీతలతో సందేశం పంపే మోర్స్ కోడ్ రాకపోయినా పర్వాలేదు, ఆపద పిలుపులకు వాడే 500 కిలోహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ మీద ఎస్ఓఎస్ దానంతట అదే వెళ్లేది. ఏరియల్ తీగను గాలిపటంతోనో హైడ్రోజన్ బెలూన్‌తోనో పైకి లేపేవారు.

ఇందులో రిసీవర్ లేదు. ఆకలితో, చలితో వణుకుతూ తిప్పుతున్న మనిషికి తన పిలుపు ఎవరికైనా అందిందో లేదో తెలిసే దారే లేదు. ఎంత టెన్షన్! అయినా తిప్పాడంటే అవతల ఎవరో వింటున్నారన్న నమ్మకమే కారణం. ఆ నమ్మకం ఊరికే రాలేదు. ప్రతి గంటలో 15 నుంచి 18వ నిమిషం దాకా, మళ్లీ 45 నుంచి 48 దాకా ఓడలు, తీర స్టేషన్లు 500 కిలోహెర్ట్జ్ మీద తమ సందేశాలు ఆపేసి వినాలన్నది అప్పటి నియమం. ఓడల రేడియో గది గడియారం మీద ఆ నిమిషాలకు ఎర్ర రంగు వేసి ఉండేది.

అందుకే దొరికిన సెట్‌ను ఆధారంగా చూడాలి. తీగ చుట్ట విప్పి ఉందా, చుట్టినట్టే ఉందా? హ్యాండిల్ బయటికి తీశారా? దాన్ని ఎవరైనా వాడారా అన్నది వీటిని బట్టే కొంతైనా అంచనా వేయగలం. అలాగని ప్రతి పెట్టె వెనుకా ఒక విషాదం ఉందనుకోనక్కర్లేదు. ఓడ మీది నుంచి జారిపడినవీ, పాతబడ్డాయని పారేసినవీ ఉండొచ్చు.

ఇప్పటి 406 మెగాహెర్ట్జ్ బీకన్, అంటే ఆపదలో సంకేతం పంపే పరికరం, తన కోడ్‌ను ఉపగ్రహానికి పంపుతుంది, రిజిస్టర్ చేసి ఉంటే ఏ ఓడదో తెలిసిపోతుంది. పాత పెట్టె ఆటోమేటిక్‌గా పంపే ఎస్ఓఎస్‌లో పేరు ఉండేది కాదు. కాబట్టి తయారీ నంబరు, దొరికిన చోటు, తేదీ ముందు రాసుకోండి, అన్ని వైపులా ఫొటోలు తీయండి. పక్కన మూసి ఉన్న డబ్బాలుంటే ముట్టుకోకండి. బెలూన్ కోసం ఇచ్చిన రసాయనం నీళ్లు తగిలితే హైడ్రోజన్ వదులుతుంది, అంటుకుంటే ప్రమాదం. పనిచేస్తుందేమోనని హ్యాండిల్ తిప్పి చూడొద్దు. తీర రక్షక దళానికి, దగ్గర్లో ఉంటే నౌకా మ్యూజియానికి కబురు చేయండి. రంగు వేయాలా వద్దా అన్నది వాళ్లు చూశాక ఆలోచించవచ్చు.