‘మిగతావాళ్లకెన్ని వచ్చాయి?’

జవాబుపత్రం చేతికందగానే చాలామంది పిల్లలు చేసే మొదటి పని దాని పై మూలను మడవడం. ఎర్ర సిరాతో వేసిన మార్కు ఎవరి కంటా పడకుండా ఆ మడతను బొటనవేలితో అదిమిపెట్టి, ఓరకంట పక్కవాళ్ల కాగితం వైపు చూస్తారు. లోపలి పేజీల్లో ఉపాధ్యాయులు ఏం రాశారన్నది ఆ తర్వాతి సంగతి.

నేను చదువుకునే రోజుల్లో ఒక మాస్టారు జవాబుపత్రాలను ఎక్కువ మార్కుల నుంచి తక్కువకు వరుసగా పంచేవారు. నా పేరు వినబడేదాకా, ఆయన చేతిలో ఇంకా ఎన్ని కాగితాలు మిగిలాయో లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. తీరా పిలిచాక, ఎక్కడ తప్పు చేశానన్నది కాక, ఎవరి తర్వాత పిలిచారన్నదే మనసులో నిలిచేది. ఆయనకు మా మీద అభిమానం లేక కాదు, పోటీ పెడితే చురుకు పుడుతుందని నమ్మారు. ఆ నమ్మకంతోనే నాకు పేచీ.

మనస్తత్వ పరిశోధకురాలు రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన పరిశోధనలో, మార్కు వేయకుండా, చేసిన పని గురించిన వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తి నిలిచింది. వ్యాఖ్యతోపాటు మార్కు కూడా ఇచ్చినప్పుడు ఆ మేలు కనబడలేదు. క్లూగర్, డెనీసీ అనే పరిశోధకులు 1996లో ఎన్నో అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, మూడోవంతుకు పైగా సందర్భాల్లో అభిప్రాయం చెప్పడం వల్ల పనితీరు మెరుగుపడకపోగా తగ్గిందని తేలింది. దృష్టి పని మీది నుంచి ‘నేనెంతటివాణ్ణి’ అన్న ప్రశ్న మీదికి మళ్లేకొద్దీ ఫలితం బలహీనపడుతుందని వారి వివరణ.

‘వాణ్ణి చూసి నేర్చుకో’ అన్న మాట తక్కువ మార్కులొచ్చినవాడినే నొప్పిస్తుందనుకుంటాం కానీ, ఆ వేలు ఎవరి వైపు చూపిస్తుందో ఆ పిల్లవాడూ నలుగురిలో ఒంటరివాడవుతాడు, ఎప్పుడు జారిపోతానోనని బెంగపడతాడు.

అలాగని పిల్లలు మూల్యాంకనమే వద్దంటున్నారని కాదు. అన్నింటికీ ‘బాగుంది’ అని సంతకం పెట్టి పంపేస్తే, తమ కాగితం అసలు చదవలేదని వాళ్లు ఇట్టే గ్రహిస్తారు. ‘మూడో మెట్టు దాకా సరిగ్గా వచ్చావు, అక్కడ గుర్తు మారింది చూడు’ అని మరో టీచరు అంచున రాసిన ఒక్క వాక్యం కోసం నేను ఆ సాయంత్రం ఆ లెక్కను మొదటి నుంచి మళ్లీ చేశాను. నిరుటి రాతకూ ఈనాటి రాతకూ ఉన్న తేడాను విడిగా పిలిచి చెబితే, ఆ పోలికను ఏ పిల్లా కాదనదు.

ఇక తల్లిదండ్రులుగా మన వంతు. బడిలో వరుస పిలుపులు మానినా, ఇంటి గుమ్మంలో ‘మిగతావాళ్లకెన్ని వచ్చాయి?’ అని మనమే అడిగితే కాగితం మళ్లీ మడతపడుతుంది. దాన్ని విప్పి, లోపలి పేజీ తిప్పి, ‘ఇక్కడ ఏమని రాశారు, నీకేమనిపించింది?’ అని ముందుగా అడగమని నా మనవి.