మామగారి రైట్ టైమ్

మా మామగారు స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన చేతికున్న హెచ్‌ఎంటీ వాచీ మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. రోజూ పొద్దున్నే దానికి కీ ఇచ్చాకే కాఫీ. సెల్‌ఫోన్ చూపించే టైమును ఆయన లెక్కచేయరు. "టవరు చెప్పిందని రైలు వదులుతామా అల్లుడుగారూ?" అంటారు.

రువాండా రాజధాని కిగాలీలో మా ఇంటికొచ్చి కుదురుకోగానే, ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్న స్నేహితుడి కొడుకును చూసొస్తానన్నారు. కిగాలీ నుంచి కంపాలా దగ్గరున్న ఎంటెబ్బె విమానాశ్రయానికి గాల్లో సుమారు 340 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి తిరుపతి ఇంతకంటే దూరం. ప్రయాణం గంట. కాకపోతే ఉగాండా టైము రువాండా కంటే గంట ముందుంటుంది. మా ఆవిడ ఈ సంగతి చెబితే ఆయన కొట్టిపారేశారు. "గుజరాత్ నుంచి అరుణాచల్ దాకా ఒక్కటే టైముతో నడిపాం. ఇంత దగ్గర ఊళ్లకు గంట తేడా ఏమిటమ్మా?"

టికెట్టు మీద పదికి బయలుదేరి పన్నెండుకు చేరుతుందని ఉంది. దిగేసరికి ఆయన వాచీలో పదకొండు. "గంట ముందే దించేశాడు, పైలట్ మంచి పనిమంతుడు" అని ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు.

కంపాలాలో ఆ అబ్బాయి ఇంట్లో గోడ గడియారం గంట ఫాస్టుగా ఉండటం ఆయనకు నచ్చలేదు. రాత్రి అందరూ పడుకున్నాక కుర్చీ వేసుకుని ఎక్కి, వెనక చక్రం తిప్పి ముల్లు గంట వెనక్కి జరిపారు. పొద్దున పిల్లాడి స్కూలు వ్యాను వెళ్లిపోయింది. పిల్లాడు మాత్రం తాతగారికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

తిరుగు టికెట్టులో ఎంటెబ్బెలో బయలుదేరేది పదింటికి, కిగాలీ చేరేదీ పదింటికే. "అచ్చుతప్పు" అని తేల్చేశారు. డ్రైవరు టైముకే వచ్చి నిలబడితే, "ఇంకా బోలెడు టైముంది, టీ తాగు బాబూ" అని గంట కూర్చోబెట్టారు. పైగా కంపాలా నుంచి ఎంటెబ్బెకు 40 కిలోమీటర్లు, ఆ ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. కౌంటరు దగ్గరికి చేరేసరికి వాచీలో ఎనిమిది యాభై అయిదు, గోడ మీద తొమ్మిది యాభై అయిదు. కౌంటరులో అమ్మాయి గోడ చూపించింది, ఈయన వాచీ చూపించారు. విమానం గోడ మాటే విన్నది.

రాత్రి కిగాలీ బస్సెక్కే ముందు, ఆ అబ్బాయి బతిమాలగా బతిమాలగా వాచీని గంట ముందుకు తిప్పారు. ఉద్యోగంలో చేరాక అంత పెద్ద దిద్దుబాటు ఇదే మొదటిసారట.

ఉగాండాలో బండ్లు ఎడమవైపు, రువాండాలో కుడివైపు. సరిహద్దు దాటగానే బస్సు అటు మారేసరికి ఆయన సీట్లోంచి లేచి "రాంగ్ సైడ్! రాంగ్ సైడ్!" అని కేకలు. నిద్రలేచిన జనం ఎలాగో కూర్చోబెట్టారు.

తెల్లారి న్యాబుగోగో బస్టాండుకు నేను వెళ్లేసరికి బస్సు వచ్చి ఆగి ఉంది, చెప్పిన ఆరింటికే. మామగారు డ్రైవరు ముందు నిలబడి వాచీ గాజును వేలితో టకటకా కొడుతున్నారు.

"ఏడైంది! గంట లేటు! ఏదీ, కంప్లైంట్ బుక్ తీసుకురా!"