విట్నీకి డబ్బు తెచ్చింది పత్తి యంత్రం కాదు

పాత పేటెంట్ల మీద వ్యాసం బాగుంది. కానీ అమెరికాకు చెందిన ఎలీ విట్నీ పత్తి గింజలు తీసే యంత్రానికి పేటెంట్ పొంది కోటీశ్వరుడయ్యాడన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. జరిగింది దాదాపు తలకిందులు.

పేటెంట్ 1794 మార్చి 14న వచ్చింది. ఆయన, భాగస్వామి ఫినియస్ మిల్లర్ యంత్రాలు అమ్మలేదు. రైతుల పత్తి తామే ఆడించి, వచ్చిన దూదిలో ఐదింట రెండు వంతులు కూలిగా తీసుకుంటామన్నారు. ఐదింట రెండు! ఎవరు ఒప్పుకుంటారు? పైగా యంత్రం చూస్తే ఊళ్లో కమ్మరి కూడా చేసేయగలడు: తీగ పళ్లున్న దుంగ తిరుగుతూ సన్నని సందుల్లోంచి దూదిని లాగుతుంది, గింజ ఆ సందులో పట్టక ఇవతలే రాలుతుంది, వెనక బ్రష్ దూదిని ఊడ్చేస్తుంది. అంతే. అందరూ కాపీ కొట్టారు. 1796లో హాడ్జెన్ హోమ్స్ అనే ఇంకొకాయన తీగల బదులు రంపపు చక్రాలు పెట్టి వేరే పేటెంట్ కూడా తీసుకున్నాడు.

కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి, 1807లో విట్నీ పక్షాన గట్టి తీర్పు వచ్చేసరికి పేటెంట్ గడువు 14 ఏళ్లూ చివరికొచ్చాయి. 1812లో పొడిగించమంటే అమెరికా చట్టసభ (కాంగ్రెస్) కాదంది. పేటెంట్ హక్కుల కోసం సౌత్ కరోలినా రాష్ట్రం ఇచ్చిన 50,000 డాలర్లు లాయర్లకే సరిపోయాయేమో! ఆయన నిలదొక్కుకున్నది తుపాకుల కాంట్రాక్టుతో.

ఇంకోటి, రెండు రోలర్ల మధ్య పత్తి పెట్టి గింజ తీసే చేతి యంత్రం మన దేశంలో అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే ఉంది. గింజకు గట్టిగా అంటుకునే అమెరికా పొట్టి పింజ పత్తికి అది పనికిరాలేదు, విట్నీ తీర్చింది ఆ చిక్కునే. వ్యాసంలో ఆ ముక్క కూడా కలిపితే బాగుంటుంది.