ఉప్పలపాడు గూళ్ల మీద టపాసులా?

ఈ వారంలో ఆ సందేశం నాకు ఐదుసార్లు వచ్చింది. అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చింది, పదో తరగతి స్నేహితుల గ్రూపులో వచ్చింది, చివరికి మా బావగారు కూడా పంపారు. "సైబీరియా కొంగలు ఉప్పలపాడు చెరువుకు బర్డ్ ఫ్లూ మోసుకొచ్చాయి. టపాసులు కాల్చి తరిమేయండి, చెట్లు నరికేయండి, గుంటూరును కాపాడుకోండి" అని మొదలవుతుంది. సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు చచ్చిపోయాయట. మాఘంలో పిట్టలు గుంపు కడితే భూకంపం వస్తుందట. గులాబీ గోరింకలు జొన్న చేలను మింగేస్తున్నాయట. పంపినవాళ్లలో ఒక్కరైనా గుంటూరు దగ్గర, పక్షులు గూళ్లు కట్టుకునే ఆ చెరువు గట్టు మీద పది నిమిషాలు నిలబడ్డారా?

భూకంపం సంగతి ముందు తేల్చేద్దాం. చలికాలం గడపడానికి వచ్చిన పిట్టలు తిరిగి వెళ్లే ముందు గుంపులు కడతాయి. ఏటా కడతాయి. పిచ్చుకల విషయానికొస్తే, పెంకుటిల్లు పోయి చూరు పోయింది, వసారాలో వేలాడే వరికంకుల కుచ్చు పోయింది, పెరటి మట్టి మీద సిమెంటు పడింది. గూడూ గింజా మనమే తీసేసి టవరును తిడితే ఏం లాభం?

ఇక సైబీరియా. ఉప్పలపాడులో గూళ్లు కట్టేవి ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు (పెలికాన్లు), తెల్ల కంకణాలు (ఐబిస్‌లు), నీటికాకులు. ఎర్రకాళ్ల కొంగ సైబీరియాలో ఉండనే ఉండదు. మచ్చల ముక్కు గూడబాతు పిల్లల్ని చేసేది మన దేశంలో, శ్రీలంకలో, కంబోడియాలో. చలికి తాళలేక ఇక్కడికి వచ్చే పక్షి ఇక్కడ గుడ్లు పెట్టదు, ఎండలు ముదిరేలోగా తన చోటికి వెళ్లి పెడుతుంది. సూదితోక బాతులు, గులాబీ గోరింకలు అలాంటివి. ఉప్పలపాడు కొంగ మాత్రం మన చెరువులోనే పుట్టింది. దాన్ని సైబీరియాది అని పిలవడం మనకు ఎప్పటి నుంచో అలవాటు. ఇప్పుడు ఆ అలవాటే దాని ప్రాణం మీదికి తెచ్చింది.

జబ్బు గురించిన భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో, ఇటు ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప దానితోనే చనిపోయింది. ఆ పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు వార్తల్లో చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అడవి పక్షులు ఆ వైరసును మోస్తాయన్నదీ నిజమే. 2021 జనవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ దగ్గర వలస బాతులు గుట్టలుగా చచ్చిపడ్డాయి.

కానీ ఒక ఫారం నుంచి ఇంకో ఫారానికి ఆ వైరసు ఎలా వెళుతుంది? చెప్పులకు అంటిన రెట్టతో, కడగని గుడ్ల ట్రేలతో, కోళ్ల వ్యానుతో, రాత్రిపూట కాలువలో పారేసిన చచ్చిన కోళ్లతో. ఆ సందేశంలో వీటి గురించి ఒక్క ముక్క లేదు. నిజంగానే ఆ చెరువులో జబ్బు ఉందనుకుందాం. టపాసులు కాలిస్తే పక్షులు చుట్టుపక్కల పది చెరువులకు చెదిరిపోతాయి, జబ్బూ వాటితోపాటే వెళుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కూడా అడవి పక్షులను చంపవద్దని, చెదరగొట్టవద్దని చెబుతోంది. చచ్చిన పక్షి కనబడితే ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి. కోడిమాంసం, గుడ్లు బాగా ఉడికించి తినండి. పది మందికీ పంపాల్సిన మాటలు ఇవి.

పోయిన ఆదివారం పొద్దున గట్టు మీద నిలబడి చూశాను. ఒక గూడబాతు పిల్ల తల్లి నోటిసంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపలు లాక్కుంటోంది. దాని రెక్కల ఈకలు ఇంకా సగం విచ్చుకోలేదు. పక్క కొమ్మ మీద రెండు కాకులు తల్లి ఎప్పుడు లేస్తుందా అని కాచుకుని ఉన్నాయి. టపాసు పేలితే తల్లి లేస్తుంది, పిల్ల లేవలేదు. బెదిరి నీళ్లలో పడిన పిల్లను తల్లి మళ్లీ గూటికి ఎక్కించలేదు. ఇలా చేస్తే గుంటూరు ఏ విధంగా బాగుపడుతుందో చెప్పండి. గుడ్లు, గూళ్లు పాడుచేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బావగారికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. "మంచిదనుకుని పంపానయ్యా" అన్నారు. మిగతా నలుగురూ అలాగే అనుకుని ఉంటారు.

మిగిలింది జొన్న. అది మాత్రం నిజం. గులాబీ గోరింకల గుంపు పాలకంకి మీద వాలితే రైతుకు మిగిలేది చొప్పే. వేసవిలో అవే పిట్టలు మధ్య ఆసియాలో మిడతలను తింటాయి. చైనాలోని షింజియాంగ్‌లో అందుకోసమే రాళ్లు పేర్చి వాటికి గూళ్లు అమర్చారు. తెనాలి దగ్గర వరి కోశాక జొన్న వేసిన మా పెదనాన్నగారికి ఈ మాట చెబితే, "మిడతలు వాళ్లవీ, గింజలు మనవీనా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆయన చేతిలోని రేకు డబ్బా తీసుకుని, పొద్దు వాలేదాకా ఆ చేలో నేనే కొట్టాను.