చదరపు అడుగు రేటు గారికి, ఒక ఇంటి యజమాని రాయునది

గౌరవనీయులైన చదరపు అడుగు రేటు గారికి,

నమస్కారాలు. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. ఇల్లు కట్టుకోవాలనుకున్న ప్రతివాడి నోట్లోనూ నానే మీకు నాలాంటివాళ్లు ఎంతమందో! నేను మాత్రం మిమ్మల్ని మర్చిపోలేను. మా ఫ్రిజ్ తలుపు మీద మీరు ఇంకా ఉన్నారు.

మీరు మా ఇంటికి వచ్చిన రోజు కళ్లకు కట్టినట్టుంది. కాంట్రాక్టర్ గారు హాల్లో కూర్చుని, చెవి మీది పెన్సిల్ తీసి, కాగితం కోసం అటూ ఇటూ చూసి, టీపాయ్ మీదున్న కరెంటు బిల్లును వెనక్కి తిప్పి ఒక అంకె వేశారు. దాని కింద రెండు గీతలు గీశారు. "మెటీరియల్‌తో కలిపి సార్. తాళం చెవి మీ చేతికి" అన్నారు. ఆ రెండు గీతల్లో ఎంత ధీమా ఉందంటే, అగ్రిమెంట్ అంటే అదే అనుకున్నాం. మా ఆవిడ దాన్ని భద్రంగా ఫ్రిజ్‌కి అంటించింది. ఆ నెల కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయాం, అది వేరే సంగతి.

నిజానికి మీకు పోటీగా ఇంకో ఇద్దరు వచ్చారు. వారిలో ఒకాయన పదకొండు పేజీలు పట్టుకొచ్చారు. ఏ పిల్లర్‌లో ఎన్ని కడ్డీలు, ఏ సైజువి. ప్లాస్టరింగ్ లోపల 12 మిల్లీమీటర్లు, బయట 20. వైరు ఏ కంపెనీది, ఏ గదికి ఎన్ని స్విచ్ పాయింట్లు. ఇవి చాలవన్నట్టు "మట్టి పరీక్ష చేయించారా?" అని మాకే ఎదురు ప్రశ్న. తను మూడేళ్ల కిందట కట్టిన ఇల్లొకటి ఉందట, వానాకాలంలో వెళ్లి దాని స్లాబు, బాత్రూం వెనక గోడ చూసి రమ్మన్నారు. చివరి పేజీలో ఇంకో వింత. బిల్లులో ఐదు శాతం మీ దగ్గరే ఆపుకోండి, ఇల్లు అప్పగించిన ఏడాదికి లీకులూ పగుళ్లూ లేకపోతేనే ఇవ్వండి అని రాశారు. తన డబ్బు తనే ఆపుకోమంటున్నాడంటే ఇందులో ఏదో తిరకాసు ఉందని మా బావమరిది తేల్చేశాడు. "ఇవన్నీ సరేనండీ, చదరపు అడుక్కి ఎంత?" అని అడిగాం. ఆయన చెప్పిన అంకె మీకంటే పెద్దది. పదకొండు పేజీలూ అక్కడే చచ్చిపోయాయి.

మూడో ఆయన అంకె ఈ రెండిటికీ మధ్యలో ఉంది. అందుకే కాబోలు, ఆయన మొహం కూడా నాకు గుర్తులేదు.

మీ పేరులో చదరపు అడుగు ఉంది కదా, అది ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచిన అడుగు అని అడగాలని అప్పుడు నాకు తట్టలేదు. మా ఇల్లు 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. 1200 చదరపు అడుగులు. లెక్క చక్కగా కుదిరింది. కానీ ఆ టేపు బయటి నుంచి పట్టింది. బయటి గోడ మందం 9 అంగుళాలు. లోపలి నుంచి పడితే 28.5 అడుగులు, 38.5 అడుగులు. గుణించి చూస్తే 1097. మిగతా 103 చదరపు అడుగులు గోడలోనే ఉన్నాయి. గోడలకూ ఖర్చవుతుంది, కాదనను. కానీ ఏ గదిలో ఏ మంచం పడుతుందో నేను మొదట వేసుకున్న లెక్క 1200కి.

మా తోడల్లుడి ఇల్లు కూడా 1200 చదరపు అడుగులే. అదే కాంట్రాక్టర్, అదే మీరు. కాకపోతే వాళ్లది సన్నటి స్థలం: 20 వెడల్పు, 60 పొడవు. మా ఇంటి చుట్టుకొలత 140 అడుగులు, వాళ్లది 160. గోడ పదడుగుల ఎత్తు అనుకుంటే వాళ్లకు 200 చదరపు అడుగుల గోడ ఎక్కువ. దానికి ఇటుకలు కావాలి, రెండు వైపులా ప్లాస్టరింగ్ కావాలి, రంగు కావాలి. అయినా ఇద్దరికీ ఒకటే అంకె. ఆ అదనపు గోడ ఖర్చు కాంట్రాక్టర్ గారు తన జేబులోంచి పెట్టుకునే మనిషి కాదు. మా స్లాబులోంచి తీశారని నా అనుమానం.

ఊరికే అనడం లేదు. స్లాబ్ వేసే ముందు రోజు సాయంత్రం సైటుకి వెళ్లాను. డ్రాయింగ్‌లో 12 మిల్లీమీటర్ల కడ్డీలు అని ఉంది. పరిచిన కడ్డీలు ఎందుకో కాస్త చిక్కిపోయినట్టు కనిపించాయి. కింద పడున్న ముక్కల్లోంచి సరిగ్గా మీటరు కోయించి, ఇంటికి తెచ్చి వంటింటి త్రాసు మీద పెట్టాను. 12 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు దాదాపు 890 గ్రాములు తూగాలి. నా ముక్క 620 దగ్గర ఆగిపోయింది. అంటే అది 10 మిల్లీమీటర్లది. రెండంటే రెండు మిల్లీమీటర్లు, చూపుకు ఆనదు, కానీ ఉక్కు 30 శాతం ఎగిరిపోతుంది. ముక్క చేత్తో పట్టుకుని అడిగితే కాంట్రాక్టర్ గారు ఏమాత్రం తొణక్కుండా, "12 వేయాలంటే రేటు మారుతుంది సార్" అన్నారు.

మారింది. స్లాబ్ వారం వెనక్కి పోయింది.

స్లాబ్ రోజు ఇంకో భాగోతం. మిక్సర్ దగ్గర కుర్రాడు బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరిస్తున్నాడు. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని నేను అక్కడా ఇక్కడా చదివి ఉన్నాను. "నీళ్లుంటేనే కదా సార్ సందుల్లోకి పోయేది" అన్నాడు మేస్త్రీ, నేనేదో దాహం వేసినవాడికి నీళ్లు వద్దన్నట్టు చూస్తూ. కాంక్రీటును కుదిపి సందుల్లోకి దించే వైబ్రేటర్ ఏదయ్యా అంటే, మూలన ఉంది. దానికి పోసే పెట్రోలు, మాట్లాడుకున్న రేటులో లేదట. కాంక్రీటు బలాన్ని 28 రోజుల లెక్కన చూస్తారు. మా స్లాబు గట్టిపడేదాకా కింద మోయాల్సిన సెంట్రింగ్ కర్రలు ఐదో రోజే ఇంకో సైటుకు ప్రయాణం కట్టాయి. లారీకి నేను అడ్డంగా నిలబడితే ఆగాయి.

"అది రేటులో లేదు సార్." ఈ ఒక్క వాక్యం నేను విన్నన్నిసార్లు మా పిల్లలు 'నాన్నా' అని కూడా పిలిచి ఉండరు. సంపు రేటులో లేదు. సెప్టిక్ ట్యాంకు లేదు. బేస్‌మెంట్‌లో నింపే మట్టి లేదు. మేడ మీద పిట్టగోడ లేదు. తలుపులున్నాయి, గడియలు లేవు. కట్టినదాన్ని తడిపే క్యూరింగ్ ఉంది, దానికి నీళ్లు లేవు. ఒకరోజు ఉండబట్టలేక, "ఇంతకీ రేటులో ఏముందండీ?" అని అడిగాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు. "మీకు తక్కువలో చేసిపెడుతున్నాను కదా సార్" అన్నారు.

మధ్యలో వదిలించుకుందామా అనుకున్నాం. కానీ అడ్వాన్సనీ, సిమెంటు రేటు పెరిగేలోపు కొనేయాలనీ, కూలీలు వెళ్లిపోతారనీ ఆయన అడిగినప్పుడల్లా ఇస్తూ పోయాం. ఇల్లు మోకాలెత్తు లేచేసరికి మేమిచ్చిన డబ్బు మెడదాకా వచ్చింది. ఇంకో కాంట్రాక్టర్‌ని తెచ్చి చూపిస్తే, ఆయన పునాది చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ముందు వాళ్లు చేసిన పనికి నేను పూచీ పడను, తీసేసి కడదాం" అన్నారు. పాత కాంట్రాక్టర్ గారే ఒక్కసారిగా ఆత్మబంధువులా కనిపించారు.

మొన్న రాత్రి ఎక్స్‌ట్రాలన్నీ కలిపి, 1200తో భాగించి, అసలైన మిమ్మల్ని కనుక్కున్నాను. మీరు ఆ పదకొండు పేజీల ఆయన అంకెను దాటి చాలా దూరం వెళ్లిపోయారు. మా బావమరిదికి చూపిస్తే, "అప్పట్లో ఆయనకి ఇచ్చేసి ఉండాల్సింది బావా, నేను చెబుతూనే ఉన్నాను" అన్నాడు.

ఒక చిన్న మనవి. నిన్న మా ఆఫీసులో ఒకాయన స్థలం కొన్నారు. "మీకు ఎంతకి కట్టారండీ, చదరపు అడుక్కి?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే కరెంటు బిల్లు వెనకున్న అంకె బయటికి వచ్చేసింది. ఆయన మొహం వెలిగిపోయింది. కాంట్రాక్టర్ నంబర్ అడిగారు. సాయంత్రం ఫోన్ చేసి మిగతాది చెబుదామంటే లైను దొరకడం లేదు. బహుశా మీతోనే మాట్లాడుతున్నారేమో. కాస్త ఫోన్ పెట్టేయమని చెప్పగలరు.

ఇట్లు,
1097 చదరపు అడుగుల నివాసి
(లోపలి గోడల లెక్క ఇంకా తీసేయలేదు)