థెరపీ ఫైల్లో అమ్మకు ఒక్క పేజీ లేదు

రాత్రి పది దాటింది. మూడేళ్ల బాబు వంటింట్లో సొరుగు లాగుతున్నాడు, మూస్తున్నాడు, మళ్లీ లాగుతున్నాడు. పక్కనే నేల మీద కూర్చున్న తల్లి ఒళ్లో థెరపిస్ట్ ఇచ్చిన నోట్‌బుక్. 'పిలిస్తే తిరిగి చూశాడా? వేలితో చూపించాడా? ఎన్నిసార్లు?' గడులన్నీ ఖాళీ. అదంతా తన తప్పే అనుకుంటోంది ఆమె.

మాట, చూపు, నలుగురితో కలవడం వేరుగా ఉండే ఎదుగుదల తేడా ఆటిజం. దీనికి థెరపీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదంటాం. నిజమే. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18, 24 నెలల వయసులో పిల్లలందరినీ ఆటిజం కోసం పరీక్షించమంటుంది. కానీ ఈ మంచిమాటే చాలా ఇళ్లలో బెదిరింపుగా మారింది. 'ఈ వయసు దాటితే ఇక అంతే' అని విన్న తల్లికి నిద్రెలా పడుతుంది? పైగా ఆ మాట నిజం కాదు. పిల్లలు ఆ తర్వాత కూడా నేర్చుకుంటూనే ఉంటారు.

తల్లిని తప్పుపట్టడం పాత అలవాటే. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాశాక, తల్లి ప్రేమ చూపకపోవడమే ఆటిజానికి కారణమని చాలాకాలం నమ్మారు. 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అని పేరు కూడా పెట్టారు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనే పరిశోధకులు కవలలపై చేసిన అధ్యయనం జన్యువుల పాత్రను చూపింది. ఆ సిద్ధాంతం పోయినా, 'నువ్వు ఫోన్ ఇవ్వబట్టే ఇలా అయ్యాడు' అనే నోళ్లు మూతపడలేదు.

బ్రిటన్‌లో 152 మంది చిన్నారులతో 'ప్యాక్ట్' అనే ప్రయోగం జరిగింది. తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకుంటుంటే వీడియో తీసి, థెరపిస్ట్ వాళ్లతో కలిసి చూస్తారు. బిడ్డ క్షణంపాటు ఇటు చూసిన చూపు, అందించబోయిన బొమ్మ, అప్పుడు గమనించనివన్నీ అందులో దొరుకుతాయి. ఆ పిల్లల్లో లక్షణాల తీవ్రత కొంత తగ్గిందని, అది ఏళ్ల తర్వాత కూడా నిలిచిందని 2016లో తేలింది. అయితే నిద్రలేని కళ్లకు ఆ క్షణం చూపు ఎలా అందుతుంది? సొరుగు లాగడం కూడా ఆటే. అవతలి నుంచి మెల్లగా మూసి, వాడు ఏం చేస్తాడోనని ఆగి చూడాలంటే ఓపిక కావాలి. తల్లి అలసట ఆమె సొంత విషయం కాదు, వైద్యంలో భాగమనేది అందుకే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లిదండ్రుల కోసం రూపొందించిన శిక్షణలో 9 బృంద సమావేశాలు, 3 ఇంటి సందర్శనలు ఉంటాయి. పెంచేవాళ్ల సొంత ఆరోగ్యం కూడా అందులో ఒక పాఠం. మిగతా చోట్లా ఇది రావాలి. మొదటి రోజే అడగాలి: రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు, ఇంట్లో సాయం ఎవరు, నాన్న ఏ పని చూసుకుంటారు? విడిగా గంట కూర్చోబెట్టే హోంవర్క్ బదులు స్నానం, భోజనం వేళల్లోనే కుదిరే ఒక్క పని ఇవ్వాలి. 'ఈ వారం ఏమీ చేయలేకపోయానండీ' అని తల్లి చెబితే, తగ్గించాల్సింది వచ్చే వారం హోంవర్క్‌ని.